డేటాబేస్ భద్రత సెటప్ డాక్యుమెంట్‌ను కొత్త డెవలపర్‌కు అర్థమయ్యేలా ఎలా రాయాలి

నెల్లూరులో రైసు మిల్లులకూ, ధాన్యం కొనే వ్యాపారులకూ లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న బృందంలో నేను పనిచేస్తున్నాను. నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువు ముగించిన పిల్లలు ఏటా ఇద్దరో ముగ్గురో మా దగ్గర చేరుతుంటారు. కొన్నేళ్ల క్రితం అలా చేరిన ఒక అబ్బాయికి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సెటప్ గురించి మేము రాసిపెట్టిన రెండు పేజీల డాక్యుమెంట్ ఇచ్చి పని మొదలుపెట్టమన్నాము. అందులో భద్రత గురించి ఉన్నది ఒకే వాక్యం: 'డేటాబేస్ యాక్సెస్‌ను తగిన విధంగా కాన్ఫిగర్ చేసుకోవాలి.' ఏ ఫైలులో, ఏ మెషిన్ మీద, ఏ విలువతో అన్నది ఎక్కడా లేదు. సంక్రాంతికి ఊరికి వెళ్లి, ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తున్న ఆ అబ్బాయికి, టెస్ట్ సర్వర్‌లో తన అడ్రసుకు అనుమతి లేదని ఎర్రర్ వచ్చింది. నెట్‌లో వెతికితే మొదట దొరికిన సలహా ప్రకారం, ప్రపంచంలోని ఏ అడ్రసు నుంచైనా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రానిచ్చే ఒక వరుసను సర్వర్ ఫైలులో చేర్చాడు. 'అన్నా, కనెక్ట్ అయింది' అని సంతోషంగా ఫోన్ చేశాడు. నేనూ సంతోషించాను. నాలుగు రోజుల తర్వాత ఆ ఫైలు తెరిచి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే ఆ టెస్ట్ సర్వర్‌లో ఉన్నది నిజమైన రైతుల బ్యాంకు ఖాతా నంబర్ల కాపీ. బయటివారు ఎవరూ ప్రవేశించిన ఆనవాలు లాగ్‌లలో కనిపించలేదు గానీ, తప్పు మాత్రం ఆ అబ్బాయిది కాదు. సురక్షితమైన దారి ఏదో మేము చెప్పలేదు. అతనికి దొరికిన దారిలో అతను వెళ్లాడు.

అప్పటి నుంచి మా డాక్యుమెంట్‌ను ఎన్నోసార్లు తిరగరాశాము. సురక్షితమైన పద్ధతి కొత్తవారికి అన్నిటికంటే సులువైన పద్ధతిగా కనిపించేలా రాయడమే ఈ పనిలో అసలు కష్టం. మీరు కూడా మీ బృందం కోసం అటువంటి డాక్యుమెంట్ రాయాలనుకుంటే, మేము నడిచిన క్రమం ఇది. ఉదాహరణలన్నీ పోస్ట్‌గ్రెస్ నుంచి ఇస్తున్నాను, ఎందుకంటే నేను రోజూ వాడేది అదే. కమాండ్లనూ ఎర్రర్లనూ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను; మీ డాక్యుమెంట్‌లో మాత్రం వాటిని తెర మీద ఎలా కనిపిస్తాయో అలాగే, అక్షరం మార్చకుండా ఉంచండి, అప్పుడే చదివేవారు వెతికితే దొరుకుతాయి. వివరణను తెలుగులో రాయడానికి సంకోచించకండి.

మొదటి మెట్టు: రాయడానికి ముందు చూడండి

ఉన్న డాక్యుమెంట్ ఎంత పాతదైనా, ఎంత అరకొరగా ఉన్నా, బృందంలో అందరికంటే కొత్తవారిని పిలిచి, ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చేయని ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చి, దాని ప్రకారం సెటప్ చేయమనండి. మీరు పక్కన కూర్చోండి గానీ నోరు మెదపకండి. ఈ మాట చెప్పినంత తేలిక కాదు. వారు తప్పు ఫైలు తెరుస్తుంటే మీ చేయి మౌస్ వైపు దానంతట అదే వెళుతుంది. ఆపుకోండి. వారు ఎక్కడ ఆగారో, ఎక్కడ డాక్యుమెంట్ వదిలి నెట్‌లో వెతికారో, ఎక్కడ 'ఇది నా మెషిన్‌లోనా, సర్వర్‌లోనా' అన్నట్టు మీ ముఖం వైపు చూశారో, ప్రతిదీ కాగితం మీద సమయంతో సహా రాసుకోండి.

మేము మొదటిసారి ఇలా చేసినప్పుడు ఒక అమ్మాయి ఇరవై నిమిషాలు ఒకే చోట ఆగిపోయింది. డాక్యుమెంట్‌లో 'యూజర్‌ను క్రియేట్ చేయండి' అని ఉంది. అది లినక్స్ యూజరా, డేటాబేస్ యూజరా, మా అప్లికేషన్‌లో లాగిన్ అయ్యే మిల్లు గుమాస్తా యూజరా అన్నది ఆమెకు తేలలేదు. రాసిన నాకు ఆ వాక్యంలో అనుమానానికి తావే కనిపించలేదు. రాసిన మనిషి కంటికి తన వాక్యంలోని ఖాళీ ఆనదు, అందుకే ఈ మెట్టును దాటవేయవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

రెండవ మెట్టు: మాటలకు కొలత చెప్పండి

మా జిల్లాలో ధాన్యాన్ని పుట్టి లెక్కన కొంటారు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. ఈ లెక్క తెలియని ప్రాంతం నుంచి వచ్చిన డెవలపర్ మా స్క్రీన్ మీద 'పుట్టి' అన్న గడిని చూసి తనకు తోచిన కొలత వేసుకుంటే మిల్లు లెక్క మొత్తం తారుమారవుతుంది. డేటాబేస్ మాటలు కూడా ఇటువంటివే. పోస్ట్‌గ్రెస్‌లో యూజర్, రోల్ అన్నవి ఒకటే. లాగిన్ అనుమతి ఉన్న రోల్‌నే యూజర్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో స్కీమా, డేటాబేస్ అన్న రెండు మాటలకూ అర్థం ఒకటే గానీ, పోస్ట్‌గ్రెస్‌లో ఒక డేటాబేస్ లోపల అనేక స్కీమాలు (టేబుళ్లను గుంపులుగా ఉంచే విభాగాలు) ఉండవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరు ఒక్కటే చాలదు, ఏ అడ్రసు నుంచి వస్తున్నాడన్నది కూడా ఆ గుర్తింపులో భాగం. కాలేజీలో మైఎస్‌క్యూఎల్ నేర్చుకుని వచ్చినవారు పోస్ట్‌గ్రెస్ ముందు కూర్చున్నప్పుడు తడబడేది ఈ చోట్లనే.

కనుక డాక్యుమెంట్ మొదటి పేజీలో పది పన్నెండు మాటలకు ఒక్కొక్క వాక్యంలో అర్థం రాయండి. ఆ తర్వాత చివరి వరకూ ఆ మాటను ఆ అర్థంలోనే వాడండి. ఒకచోట 'రోల్' అనీ, మరొకచోట 'అకౌంట్' అనీ, ఇంకొకచోట 'లాగిన్' అనీ మార్చి మార్చి రాస్తే, మూడు వేరువేరు వస్తువులున్నాయని కొత్తవారు అనుకుంటారు.

అదే పేజీలో, మనం కాపాడుతున్నది ఏమిటో కూడా రెండు మూడు వాక్యాలలో చెప్పండి. మా విషయంలో అది రైతు పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, అతను అమ్మిన ధాన్యం వివరాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చునన్న సంగతి కూడా అక్కడే రాయవచ్చు. అయితే భయపెట్టే ధోరణిలో పేజీలకు పేజీలు నింపకండి. ఎవరి ఖాతా నంబరు తన చేతిలో ఉందో తెలిసిన డెవలపర్‌కు అంతకు మించిన హెచ్చరిక అవసరం లేదు.

మూడవ మెట్టు: మూడు చోట్లను మూడుగా విడదీయండి

కొత్త డెవలపర్ సొంత ల్యాప్‌టాప్, అందరూ పంచుకునే టెస్ట్ సర్వర్, వినియోగదారులు వాడే అసలు సర్వర్, ఈ మూడింటి సూచనలను ఒకే పేజీలో కలిపి రాయవద్దు. ల్యాప్‌టాప్ కోసం చెప్పిన సడలింపును సర్వర్ మీద వేయడం వలన జరిగే ప్రమాదాలే ఎక్కువ. మొదటి రోజు వారికి ల్యాప్‌టాప్ పేజీ ఒక్కటే చాలు. టెస్ట్ సర్వర్ పేజీ రెండవ వారంలో ఇవ్వండి. అసలు సర్వర్ పేజీలో ఎవరిని అడగాలో తప్ప కమాండ్లేవీ ఉండకూడదు. నిజమైన డేటాను ల్యాప్‌టాప్‌లోకి గానీ టెస్ట్ సర్వర్‌లోకి గానీ తీసుకోవద్దని ప్రతి పేజీ పైన రాసి, దానికి బదులుగా నకిలీ పేర్లతో, నకిలీ ఖాతాలతో నిండిన నమూనా డేటాను ఒకే కమాండ్‌తో నింపుకునే స్క్రిప్టును సిద్ధంగా ఉంచండి. ఆ స్క్రిప్టు లేకుండా నిషేధం ఒక్కటే రాస్తే ఎవరూ పాటించలేరు, పని జరగాలి కదా.

ల్యాప్‌టాప్‌లో డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో ఉంచి నడిపే సాధనం) వాడే బృందాలు మూడు సంగతులను తప్పకుండా రాయాలి. ఒకటి, పోర్టును '5432 కోలన్ 5432' అని రాస్తే ఆ డేటాబేస్ ల్యాప్‌టాప్‌కున్న అన్ని నెట్‌వర్క్ అడ్రసుల మీదా తెరుచుకుంటుంది. రైల్వే స్టేషన్‌లోనో హోటల్లోనో అదే వైఫైలో ఉన్న మరొకరు దానిని తట్టవచ్చు. ముందు 127.0.0.1 చేర్చి '127.0.0.1 కోలన్ 5432 కోలన్ 5432' అని రాస్తే సొంత మెషిన్‌కు మాత్రమే పరిమితమవుతుంది. లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టుకున్నాము కదా అని నిశ్చింతగా ఉండకూడదు, డాకర్ తెరిచిన పోర్టులు ఆ నియమాలను దాటి వెళతాయి. రెండు, పోస్ట్‌గ్రెస్ డాకర్ ఇమేజ్‌కు ఇచ్చే పాస్‌వర్డ్ వేరియబుల్, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే పనిచేస్తుంది. తర్వాత ఆ ఫైలులో పాస్‌వర్డ్ మార్చి కంటైనర్‌ను తిరిగి ప్రారంభించినా లోపలి పాస్‌వర్డ్ మారదు. ఈ ఒక్క వాక్యం మా డాక్యుమెంట్‌లో లేనందున వృథా అయిన మధ్యాహ్నాలు చాలా ఉన్నాయి. మూడవ దాని గురించి పరీక్షల మెట్టులో చెబుతాను.

నాలుగవ మెట్టు: ప్రతి సూచనకూ నాలుగు భాగాలు

ఏ మెషిన్ మీద, ఏ యూజర్‌గా ఉండి చేయాలి. ఏమి టైప్ చేయాలి. తెర మీద ఏమి కనిపించాలి. అది కనిపించకపోతే ఏమి చేయాలి. ఈ నాలుగూ లేని సూచన సగం సూచనే. అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగవది, దాదాపు అందరూ వదిలేసేదీ అదే.

పోస్ట్‌గ్రెస్‌లో ఎవరిని ఎక్కడి నుంచి రానివ్వాలో చెప్పే ఫైలు పేరు పీజీ-హెచ్‌బీఏ-కాన్ఫ్. మా పాత డాక్యుమెంట్‌లో ఆ పేరు ఒక్కటే ఉండేది. ఇప్పుడున్న సూచన ఇలా నడుస్తుంది. ముందుగా, సర్వర్ మీద పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రామ్) లోకి వెళ్లి 'షో హెచ్‌బీఏ ఫైల్' అని అడిగితే ఆ ఫైలు ఎక్కడుందో అదే చెబుతుంది, ఫోల్డర్లలో వెతకనక్కరలేదు. తెరిచి చూస్తే ఒక్కొక్క వరుసలో కనెక్షన్ రకం, డేటాబేస్ పేరు, యూజర్ పేరు, అడ్రసు, ధ్రువీకరణ పద్ధతి ఆ క్రమంలో ఉంటాయి. సర్వర్ ఈ వరుసలను పై నుంచి కిందికి చదువుతుంది. వచ్చిన కనెక్షన్‌కు సరిపోయిన మొదటి వరుస దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పాస్‌వర్డ్ తప్పయితే వెనక్కి పంపుతుందే గానీ, కింది వరుసలో మరో అవకాశం ఉందేమోనని చూడదు. అందువలన మీరు జాగ్రత్తగా రాసిన వరుస, పైన ఎవరో రాసిన విశాలమైన వరుస కింద పడితే, అది ఉన్నా లేనట్టే. కొత్తవారు తమ వరుసను ఎప్పుడూ ఫైలు అడుగున చేరుస్తారు. కాబట్టి ఎక్కడ చేర్చాలో కూడా చెప్పండి.

పద్ధతి గడిలో ఏమి రాయాలో ఒక్క మాటలో తేల్చండి: స్క్రామ్-షా-256. ఇది పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఉంది, 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లను దాచే పద్ధతిగా డిఫాల్ట్ అయింది. పాత సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసినవారికి ఇక్కడొక చిక్కు ఉంది: ముందే ఎండీ5 అనే పాత రూపంలో దాచిన పాస్‌వర్డ్‌లు వాటంతట అవి మారవు, ప్రతి యూజర్‌కూ పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాలి. ఫైలు సేవ్ చేసిన తర్వాత రీలోడ్ చేస్తే చాలు, సర్వర్‌ను ఆపి తిరిగి మొదలుపెట్టనక్కరలేదు. కానీ లిజన్ అడ్రసెస్ అనే సెట్టింగును మార్చితే మాత్రం రీస్టార్ట్ తప్పదు. ఈ తేడా తెలియక, మార్పు పనిచేయలేదనుకుని మరింత వదులుగా మార్చేవారున్నారు. రీలోడ్ చేసే ముందు 'పీజీ హెచ్‌బీఏ ఫైల్ రూల్స్' అనే వ్యూను చూడమని రాయండి. ఫైలులో వరుస తప్పుగా రాసి ఉంటే దాని ఎర్రర్ గడిలో ఆ తప్పు కనిపిస్తుంది.

ఐదవ మెట్టు: ఎర్రర్ నుంచి కారణానికి దారి చూపండి

మీ డాక్యుమెంట్‌లో అందరూ ఎక్కువగా తెరిచే పేజీ ఇదే అవుతుంది, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. కొత్త డెవలపర్ ప్రమాదకరమైన పని చేసేది ఎర్రర్ కనిపించిన క్షణంలోనే. ఆ క్షణంలో మీ పేజీ నెట్ కంటే ముందు సమాధానం చెప్పాలి.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే, మీరు ఇంకా డేటాబేస్ తలుపు దాకా చేరలేదని అర్థం. సర్వర్ నడవడం లేదు, లేదా పోర్టు తప్పు, లేదా అది ఆ అడ్రసు మీద వినడం లేదు. అనుమతుల ఫైలును ముట్టుకోవలసిన పని లేదు. చాలాసేపు ఆగి 'టైమ్‌డ్ అవుట్' అని వస్తే మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆపుతున్నదని అనుమానించాలి.

'నో పీజీ-హెచ్‌బీఏ-కాన్ఫ్ ఎంట్రీ ఫర్ హోస్ట్' అన్నది మా అబ్బాయిని పట్టుకున్న ఎర్రర్. ఈ సందేశాన్ని మొత్తం చదివితే అందులోనే అడ్రసు, యూజర్, డేటాబేస్, ఎన్‌క్రిప్షన్ ఉన్నదీ లేనిదీ అన్నీ ఉంటాయి. ఆ నాలుగింటిలో ఏది మీరు అనుకున్నట్టు లేదో చూడమని రాయండి. చాలాసార్లు డేటాబేస్ పేరు తప్పుగా టైప్ చేసి ఉంటారు, లేదా ఎన్‌క్రిప్షన్ లేకుండా వచ్చి ఉంటారు. అడ్రసే మారిందని తేలితే, ఇంటి ఇంటర్నెట్‌కూ ఫోన్ హాట్‌స్పాట్‌కూ అడ్రసు మారుతూనే ఉంటుంది గనుక, దానిని ఫైలులో చేర్చడం పరిష్కారం కాదని స్పష్టంగా చెప్పండి. మేము ఎంచుకున్న పరిష్కారం ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, అంటే ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కు వేసుకునే ఎన్‌క్రిప్ట్ అయిన దారి. డేటాబేస్ సర్వర్ తన లోకల్‌హోస్ట్ (తన సొంత మెషిన్ అడ్రసు) మీద మాత్రమే వింటుంది. డెవలపర్ తన ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవితో సర్వర్‌కు చేరి, ల్యాప్‌టాప్‌లోని 5433 పోర్టును సర్వర్‌లోని 5432కు కలుపుకుంటాడు. కందుకూరు నుంచి పనిచేసినా, కొత్తపట్నం నుంచి పనిచేసినా ఫైలులో అక్షరం మారదు. ఆ టన్నెల్ కమాండ్‌ను, సర్వర్ పేరుతో సహా, కాపీ చేసుకోవడానికి వీలుగా ఆ ఎర్రర్ కిందనే పెట్టాము. ఒకే వరుసలో పని అయిపోతుంటే, వదులైన సలహా కోసం ఎవరూ బయట వెతకరు.

'పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్' అని వచ్చినప్పుడు పాస్‌వర్డ్ తప్పని మాత్రమే అనుకోకూడదు. అసలు ఆ పేరుతో రోల్ లేకపోయినా పోస్ట్‌గ్రెస్ కావాలనే ఇదే మాట చెబుతుంది, ఏ పేర్లు ఉన్నాయో బయటివారికి తెలియనివ్వకుండా. అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది. 'పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్' అని వస్తే వెర్షన్ చూడండి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొత్త డేటాబేస్‌లలో పబ్లిక్ స్కీమాలో టేబుల్ సృష్టించే హక్కు అందరికీ ఉండదు. పాత పాఠాలు చూసి వచ్చినవారికి ఇది అర్థం కాక, నేరుగా సూపర్‌యూజర్ హక్కు (ఏ తనిఖీ లేకుండా అన్నీ చేయగల హక్కు) ఇచ్చేస్తారు.

ఇదే పేజీలో, బయట దొరికే మూడు సలహాలను పేరు పెట్టి రాసి, వాటిని ఎందుకు పాటించకూడదో చెప్పండి: పద్ధతి గడిలో ట్రస్ట్ (పాస్‌వర్డ్ అడగకుండా రానివ్వడం), అడ్రసు గడిలో 0.0.0.0/0 (ఏ అడ్రసు నుంచైనా), అప్లికేషన్ రోల్‌కు సూపర్‌యూజర్. 'ఇది చేయవద్దు' అని మాత్రమే రాస్తే గుర్తుండదు, ఏమి జరిగిందో చెబితే గుర్తుంటుంది. 2017 మొదట్లో, పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్న వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లను దాడిచేసేవారు తుడిచివేసి, తిరిగి ఇవ్వడానికి బిట్‌కాయిన్లు అడిగారు. వారు తాళాలు పగలగొట్టలేదు, తెరిచి ఉన్న తలుపుల్లోంచి నడిచి వెళ్లారు.

ఆరవ మెట్టు: రోల్‌లను పనుల వారీగా చెప్పండి

ప్రతి అప్లికేషన్‌కూ మూడు రోల్‌లు చాలు: టేబుళ్లను సృష్టించి మార్చే యజమాని, డేటాను చదివి రాసే అప్లికేషన్, చదవడం మాత్రమే చేయగల రిపోర్టు రోల్. వీటిని సృష్టించే స్క్రిప్టును డాక్యుమెంట్‌లో అతికించి వదిలేయకుండా, కోడ్‌తో పాటే రిపాజిటరీలో ఉంచి, డాక్యుమెంట్‌లో ఒక్కొక్క వరుస ఎందుకుందో వివరించండి. డేటాబేస్‌లోకి కనెక్ట్ అయ్యే హక్కు డిఫాల్ట్‌గా అందరికీ ఉంటుంది గనుక, దానిని ముందు రద్దు చేసి, ఈ మూడు రోల్‌లకే ఇవ్వాలన్నది మొదటి వరుస.

కొత్తవారు అందరూ కాలు జారే చోటు ఒకటుంది. 'ఉన్న టేబుళ్లన్నిటి మీద చదివే హక్కు' అని ఇచ్చే కమాండ్ ఆ క్షణానికి ఉన్న టేబుళ్లకే వర్తిస్తుంది. రేపు కొత్త టేబుల్ వస్తే రిపోర్టు రోల్‌కు అది చదవడానికి వీలుండదు. దీనికోసం 'ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలెజెస్' ఉంది గానీ, ఏ రోల్ సృష్టించే టేబుళ్లకో చెప్పకపోతే, కమాండ్ నడిపిన రోల్ సృష్టించేవాటికే అది వర్తిస్తుంది. సూపర్‌యూజర్‌గా దానిని నడిపి, టేబుళ్లను యజమాని రోల్‌తో సృష్టిస్తే ఫలితం శూన్యం. కనుక 'ఫర్ రోల్' అన్న భాగాన్ని తప్పకుండా చేర్చి రాయండి. సీరియల్ కాలమ్ (దానంతట అదే నంబరు వేసుకునే గడి) ఉన్న టేబుళ్లలో వరుస రాయాలంటే ఆ నంబర్లను ఇచ్చే సీక్వెన్స్ మీద కూడా హక్కు కావాలి; ఐడెంటిటీ కాలమ్ వాడితే ఆ అవసరం రాదు.

ఏడవ మెట్టు: పాస్‌వర్డ్ ఎక్కడ ఉండాలో చూపండి

'పాస్‌వర్డ్‌లను గిట్‌లో పెట్టవద్దు' అని రాస్తే సరిపోదు, మరి ఎక్కడ పెట్టాలో చెప్పాలి. రిపాజిటరీలో విలువలు లేని నమూనా ఎన్విరాన్‌మెంట్ ఫైలు ఒకటి ఉంచండి. అసలు ఫైలును గిట్-ఇగ్నోర్‌లో ముందే చేర్చండి. విలువలను బృందం వాడే పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి తీసుకోమనండి. పీఎస్‌క్యూఎల్ కోసం పాస్‌వర్డ్‌లు ఉంచే పీజీపాస్ ఫైలు వాడితే దాని అనుమతులు 0600 (యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా) ఉండాలి, లేకుంటే లినక్స్‌లో ఆ ఫైలును పట్టించుకోకుండా వదిలేస్తుంది. పాస్‌వర్డ్ మార్చేటప్పుడు కమాండ్‌లో నేరుగా టైప్ చేస్తే అది హిస్టరీ ఫైలులోనూ, ఒక్కోసారి సర్వర్ లాగ్‌లోనూ మిగిలిపోతుంది. పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ అన్న కమాండ్ వాడితే ఆ బెడద లేదు.

పొరపాటున పాస్‌వర్డ్ గిట్‌లోకి వెళితే ఏమి చేయాలో పెద్ద అక్షరాలలో రాయండి. తర్వాతి కమిట్‌లో తుడిచినా పాత కమిట్‌లో అది ఉంటుంది. కనుక మొదట చేయవలసింది ఆ పాస్‌వర్డ్ మార్చడం. చరిత్రను శుభ్రం చేయడం ఆ తర్వాత. దాని కింద, ఎవరికి ఫోన్ చేయాలో, చెప్పినవారిని ఎవరూ మందలించరనీ రాయండి, రాసినట్టే నడుచుకోండి. సైబర్ భద్రతా ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీక్ వంటి ఘటనలను గమనించిన 6 గంటల లోపల ఆ సంస్థకు తెలియజేయాలి. కొత్తగా చేరిన అమ్మాయి భయపడి సాయంత్రం దాకా దాచుకుంటే ఆ 6 గంటలు మన చేతిలో ఉండవు.

ఎన్‌క్రిప్షన్ గురించి ఒక్క పేరా చాలు. పోస్ట్‌గ్రెస్ క్లయింట్‌లో ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ డిఫాల్ట్‌గా 'ప్రిఫర్'. అంటే కుదిరితే ఎన్‌క్రిప్షన్, కుదరకపోతే లేకుండానే. 'రిక్వైర్' పెడితే ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అవుతుంది గానీ, అవతల ఉన్నది మన సర్వరేనన్న హామీ ఉండదు. ఆ హామీ ఇచ్చేది 'వెరిఫై-ఫుల్'. అసలు సర్వర్‌కు అదే వాడాలని రాసి, సర్టిఫికెట్ ఫైలు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

ఎనిమిదవ మెట్టు: జరగకూడనివి జరగడం లేదని పరీక్షించండి

సెటప్ డాక్యుమెంట్లన్నీ 'కనెక్ట్ అయితే పని ముగిసినట్టే' అన్నచోట ఆగిపోతాయి. కనెక్ట్ అవడం భద్రతకు రుజువు కాదు. తలుపు లేని ఇంట్లోకి కూడా సులువుగానే వెళ్లవచ్చు. కనుక చివర్లో, విఫలం కావలసిన పరీక్షలను రాయండి. తప్పు పాస్‌వర్డ్‌తో ప్రయత్నించండి, వెనక్కి పంపాలి. లోపలికి రానిస్తే ఎక్కడో ట్రస్ట్ వరుస మిగిలి ఉంది. రిపోర్టు రోల్‌తో ఒక వరుసను తుడవడానికి ప్రయత్నించండి, అనుమతి లేదనాలి. అప్లికేషన్ రోల్‌తో ఒక టేబుల్‌ను సృష్టించడానికి ప్రయత్నించండి, అదీ కుదరకూడదు. టన్నెల్ తీసివేసి సర్వర్ అడ్రసుకు నేరుగా కనెక్ట్ అవ్వడానికి ప్రయత్నించండి, అసలు కనెక్షనే కుదరకూడదు. ప్రతి పరీక్ష పక్కన రావలసిన ఎర్రర్‌ను పూర్తిగా రాసిపెట్టండి.

డాకర్ గురించి మూడవ సంగతి ఇక్కడ అవసరమవుతుంది. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో కంటైనర్ లోపలి నుంచి లోకల్‌హోస్ట్‌కు వచ్చే కనెక్షన్లకు ట్రస్ట్ పద్ధతి ఉంటుంది. కంటైనర్ లోపలికి వెళ్లి తప్పు పాస్‌వర్డ్ పరీక్ష చేస్తే అది ఎప్పుడూ లోపలికి రానిస్తుంది, డెవలపర్ అనవసరంగా కంగారుపడతాడు. పరీక్షలను ల్యాప్‌టాప్ వైపు నుంచే చేయాలని స్పష్టంగా రాయండి.

ఈ పరీక్షలన్నీ ఒక చిన్న స్క్రిప్టుగా మార్చి, నడపగానే ఒక్కొక్కటీ 'సరే' అనో 'సరికాదు' అనో చూపేలా చేస్తే, కొత్తవారు రోజూ ఉదయం నడుపుకోవచ్చు. మా దగ్గర ఈ స్క్రిప్టు వచ్చిన తర్వాతే, డెవలపర్లు పని ముగిసిందని చెప్పే తీరు మారింది. 'కనెక్ట్ అయింది అన్నా' అనేవారు ఇప్పుడు 'తప్పు పాస్‌వర్డ్‌కు రానివ్వడం లేదన్నా' అని కూడా చెబుతున్నారు.

తొమ్మిదవ మెట్టు: డాక్యుమెంట్‌ను కొత్తవారి చేతికే ఇవ్వండి

డాక్యుమెంట్‌ను విడిగా ఎక్కడో దాచకుండా కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంచండి. డేటాబేస్ రోల్‌నో, పోర్టునో మార్చే ప్రతి కోడ్ మార్పులో డాక్యుమెంట్ మార్పు కూడా ఉన్నదా అని రివ్యూ చేసేవారు అడగాలి. పేజీ పైన మూడు వివరాలు రాయండి: ఏ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మీద పరీక్షించారు, చివరిసారి ఎవరు మొదటి నుంచి చివరి వరకు నడిపి చూశారు, ఏ తేదీన. వెర్షన్ లేని సూచన పై ఎర్రర్‌లలో చెప్పినట్టు ఒక రోజు ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది, కారణం ఎవరికీ తెలియదు.

కొత్త డెవలపర్ మొదటి వారం పనిగా ఈ డాక్యుమెంట్‌లో కనీసం ఒక దిద్దుబాటు చేయమనండి. అతను ఆగిన చోటు అతనికి ఇంకా గుర్తుంటుంది. నెల గడిస్తే అతనూ మనలాగే అది అందరికీ తెలిసినదేననుకుంటాడు. ఆ దిద్దుబాటును అదే రోజు చదివి చేర్చండి, తర్వాత పేజీ పైన ఉన్న తేదీ పక్కన అతని పేరు రాయించండి.